హోనలూలూలో ఓడ ఆగిన రోజున పాలినీషియన్ సాంస్కృతిక కేంద్రానికి వెళ్లి రావడం ఎలా?

హవాయిలోని ఓవాహు ద్వీపంలో, హోనలూలూ రేవుకు సుమారు 55 కిలోమీటర్ల దూరాన, లాయియే అనే ఊళ్లో 1963లో మొదలైన ఈ కేంద్రానికి ఆదివారం సెలవు. పైగా మధ్యాహ్నం దాకా తలుపులు తెరవరు కాబట్టి, మీ ఓడ రేవులో సాయంత్రం వరకైనా ఉంటుందో లేదో చూసుకున్న తరువాతే టికెట్ కొనాలి. సిటీ బస్సు చౌకే గాని, వెళ్లడానికే రెండు గంటలు పోతాయి. గంటకు అటూ ఇటూగా చేర్చే అద్దె కారే మేలు.

లోపల సమోవా, ఫిజీ, టోంగా, తాహితీ, హవాయి, అవోతెయరోవా (న్యూజిలాండ్‌కు మావోరీ పేరు) అనే పసిఫిక్ దీవుల జీవనాన్ని చూపే ఆరు నమూనా గ్రామాలుంటాయి. అన్నీ చూడాలని పరుగెత్తకుండా మూడింటిని ఎంచుకోండి. నా మటుకు సమోవాతోనే మొదలుపెట్టమంటాను. అక్కడి యువకుడు నేలలో పాతిన మొనదేలిన కర్రకు కొబ్బరికాయను గుచ్చి, మెలితిప్పి పీచు వలిచి, చిన్న రాయితో ఒక్క దెబ్బకు దాన్ని రెండు చిప్పలు చేస్తాడు. గునపంతో కాయలు వలిచే కోనసీమవారికి ఆ ఒడుపు కొత్తగా అనిపించదు. ప్రదర్శకులలో చాలామంది పక్కనున్న విశ్వవిద్యాలయ విద్యార్థులే.

రాత్రి ప్రదర్శన మీద ఆశ వదులుకోవాల్సిందే, ఓడ రాత్రంతా రేవులో ఉంటే తప్ప. తిరుగు ప్రయాణంలో సాయంత్రపు రద్దీ తప్పదు. అందుచేత ఓడ ఎక్కవలసిన గడువుకు రెండున్నర గంటల ముందే లాయియే నుంచి బయలుదేరండి.