పాత ఓడ మ్యూజియంకి వెళ్తున్నారా? ముందు మెట్ల సంగతి చూసుకోండి

ఓడలో మెట్లంటే దాదాపు నిచ్చెనలే. ఎక్కడం తేలిక, దిగేటప్పుడే తంటా. మెట్ల వైపు మొహం పెట్టి, రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని వెనక్కి వెనక్కి దిగాలి. అంటే చేతిలో బ్యాగూ ఫోనూ ఉండకూడదు. చంటిపిల్లలుంటే స్ట్రోలర్ వద్దు, ఒంటికి కట్టుకునే క్యారియర్ తీసుకెళ్లండి. కాళ్లకు జారని బూట్లు.

యుద్ధనౌకల్లో తలుపుల గడప కూడా ఎత్తుగా ఉంటుంది, ఒక గదిలోకి నీళ్లొస్తే పక్క గదిలోకి పోకుండా. పరిగెత్తే పిల్లల కాళ్లకు తగిలేది అదే. పొడుగువాళ్లకైతే తల జాగ్రత్త. 1765లో నీళ్లలోకి దిగిన బ్రిటన్ యుద్ధనౌక విక్టరీ లాంటి చెక్క ఓడల్లో కింది డెక్కుల్లో వంగి నడవాల్సిందే.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే, లిఫ్టుతోనో ర్యాంపుతోనో ఎంతవరకు వెళ్లొచ్చో ముందే ఫోన్ చేసి అడగండి. అన్నిచోట్లా ఒకేలా ఉండదు. స్వీడన్‌లో 1628లో మునిగి 1961లో బయటికొచ్చిన వాసా ఓడలోకైతే సందర్శకుల్ని అసలు ఎక్కనివ్వరు, చుట్టూ ఉన్న అంతస్తుల నుంచే చూడాలి. అలాంటిది వాళ్లకి హాయి.

పొద్దున్నే వెళ్లి నేరుగా ఇంజన్ రూమ్‌కి దిగిపోండి. జనం పెరిగాక ఆ ఇరుకులో ఏమీ కనిపించదు. పై డెక్ ఎప్పుడైనా చూడొచ్చు. అన్నట్టు, పిల్లల్ని ఎక్కించేముందే బాత్రూమ్‌కి తీసుకెళ్లండి. చాలాచోట్ల అది ఒడ్డునే ఉంటుంది!