మానవ పూర్వీకుల శిలాజాన్ని పరిశీలించడం ఎలా?

మానవ పూర్వీకుల శిలాజం అచ్చునో, ఛాయాచిత్రాన్నో ముందు పెట్టుకున్నప్పుడు చూపు మొదట పుర్రె పరిమాణం మీదికే పోతుంది. ఆ అలవాటును కాసేపు పక్కన పెట్టి, ఆ ప్రాణి ఎలా నడిచేదో ముందుగా తేల్చుకోవాలి. మన వంశంలో రెండు కాళ్ల నడక మొదట వచ్చింది. మెదడు గణనీయంగా పెరగడం ఆ తరువాత లక్షల ఏళ్లకు గానీ మొదలు కాలేదు. పెద్ద మెదడే ముందు వచ్చిందన్న నమ్మకం ఎంత బలంగా ఉండేదంటే, మనిషి పుర్రెకు ఒరంగుటాన్ దవడను జతచేసి 1912లో ఇంగ్లండులో ప్రకటించిన పిల్ట్‌డౌన్ మోసం 1953లో గానీ బయటపడలేదు.

పుర్రె ఉంటే దాన్ని తిరగేసి అడుగుభాగం చూడాలి. వెన్నుపాము మెదడును చేరే మహారంధ్రం చింపాంజీలో వెనక వైపుకు ఉంటుంది. నిటారుగా నడిచే ప్రాణిలో అది ముందుకు జరిగి, తల వెన్నెముక మీద నిలిచేలా చేస్తుంది. దక్షిణాఫ్రికాలోని టాంగ్‌లో 1924లో దొరికిన పిల్ల పుర్రెలో శరీరనిర్మాణ శాస్త్రవేత్త రేమండ్ డార్ట్ గమనించినది ఇదే.

తరువాత కటి ఎముక. నడక గురించి ఇంత స్పష్టంగా చెప్పే భాగం మరొకటి లేదు కనుక ఇక్కడ ఎక్కువ సమయం వెచ్చించాలి. చింపాంజీ కటి ఎముక పొడవుగా, బల్లపరుపుగా వీపు వెంట పైకి సాగుతుంది. మనది పొట్టిగా, వెడల్పుగా, గిన్నె అంచులా పక్కలకు వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు వల్ల పిరుదు కండరాలలో కొన్ని తుంటి పక్కకు చేరి, ఒక కాలు పైకెత్తిన క్షణంలో శరీరం ఆ వైపు ఒరిగిపోకుండా పట్టి ఉంచుతాయి. ఇథియోపియాలోని హాడార్‌లో 1974లో దొరికిన, సుమారు 32 లక్షల ఏళ్ల నాటి, లూసీ అని పేరు పెట్టిన పూర్వీకురాలి అస్థిపంజరంలో ఈ లక్షణం ఉంది. ఆ జాతి తొడ ఎముక కూడా మనకు ఉన్నట్లే మోకాలి వైపు లోపలికి ఏటవాలుగా దిగుతుంది.

పాదంలో బొటనవేలి దిశ చూస్తే చాలు. సుమారు 44 లక్షల ఏళ్ల నాటి ఆర్డిపిథెకస్ అనే పూర్వీక ప్రాణిలో అది కొమ్మను పట్టుకునేలా పక్కకు విడివడి ఉంది. టాంజానియాలోని లేటోలిలో, సుమారు 36 లక్షల ఏళ్ల కిందటి అగ్నిపర్వత బూడిదలో నిలిచిపోయిన అడుగుజాడల్లో మిగతా వేళ్ల వరుసకు దాదాపుగా చేరిపోయింది.

ఇంతటితో ఆ ప్రాణిని మనిషి అనో, వానరం అనో తేల్చేయకూడదు. ఒక్కొక్క అవయవం ఒక్కొక్క వేగంతో మారింది: లూసీ జాతి కాళ్లు నేల మీద నడకకు కుదిరినా, చేతివేళ్ల ఎముకలు ఇంకా వంగే ఉన్నాయి.

మెదడు పరిమాణాన్ని చివరగా నమోదు చేసుకోవాలి. చింపాంజీకి సుమారు 400 ఘన సెంటీమీటర్లు, లూసీ జాతికి దానికంటే కొంచెం ఎక్కువ, మనకు సగటున 1350 వరకు ఉంటుంది. అయితే వానరాల పిల్లల పుర్రె కూడా గుండ్రంగా, మనిషి పుర్రెను తలపించేలా ఉంటుంది. టాంగ్ పుర్రె మీద ఆనాడు వచ్చిన అభ్యంతరాల్లో ఇదొకటి. కాబట్టి కొలతను పోల్చే ముందు దవడలో పాలపళ్లు ఉన్నాయో, శాశ్వత దంతాలు వచ్చాయో తప్పక చూడాలి.