తుపాకీ ఏ కేటగిరీలోకి వస్తుందో తేల్చుకోవడం ఎలా?

తూటా లావుగా ఉంటే నిషేధం, సన్నంగా ఉంటే మామూలు లైసెన్సు అనుకుంటే పొరపాటే. .315 రైఫిలు నిషేధం లేని బోరు (బోరంటే గొట్టం లోపలి వెడల్పు), అంతకంటే సన్నని త్రీనాట్‌త్రీ (.303) నిషిద్ధ బోరు. త్రీనాట్‌త్రీ సైన్యం, పోలీసులు వాడిన తూటా కావడమే ఇందుకు కారణం. సర్కారు తూటా బయటి తుపాకీలో పట్టకూడదన్నది ఈ విభజన వెనక ఉన్న లెక్క. 7.62 ఎం.ఎం. రైఫిలు, సర్వీసు 9 ఎం.ఎం. పిస్తోలు కూడా అందుకే నిషిద్ధం. .32 రివాల్వర్ మాత్రం నిషిద్ధం కాదు.

పేరు చూసి కాకుండా వరుసగా పరీక్షించాలి. 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమాల మొదటి షెడ్యూలు (కేటగిరీల పట్టిక) దగ్గర పెట్టుకోండి. తూటా ఎక్కి ఉందో లేదో తెలియకపోతే తుపాకీని ముట్టుకోవద్దు, తెలిసినవాళ్లతో ఖాళీ చేయించండి.

ముందు ట్రిగ్గర్ సంగతి. నొక్కి పట్టుకున్నంతసేపూ వరసగా పేలేదైతే నిషిద్ధ ఆయుధం, అంటే మొదటి కేటగిరీ. కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోకూడదు, దొరికితే 7 నుంచి 14 ఏళ్ల జైలు. తర్వాత గొట్టం మీద చెక్కిన బోరు అంకె చదివి పై లెక్కతో పోల్చండి. పన్నెండు బోరు లాంటి నున్నటి గొట్టం తుపాకీ అయితే గొట్టం పొడవు కొలవండి, వెనక ఉన్న కర్ర లెక్కలోకి రాదు. 20 అంగుళాలకు తగ్గితే అది కూడా మొదటి కేటగిరీయే.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. మోయడానికి తేలికని గొట్టం కోయిస్తారు. లైసెన్సు ఉన్న తుపాకీ అయినా గొట్టం కుదించడం 6వ సెక్షన్ కింద వేరే నేరం, కేటగిరీ కూడా మారిపోతుంది. శబ్దం తగ్గించే సైలెన్సర్ ఒక్కటే దొరికినా మొదటి కేటగిరీలోదే.

మామూలు రివాల్వర్లు, రైఫిళ్లు, షాట్‌గన్లు మూడో కేటగిరీ. మందు కూరి పేల్చే నాటు తుపాకీ కూడా ఇందులోదే, పాతదని లైసెన్సు మినహాయింపేమీ లేదు. లైసెన్సు లేకపోతే 2 నుంచి 5 ఏళ్లు. ఎయిర్‌గన్ శక్తి 20 జౌళ్లు గాని, బోరు .177 గాని దాటితేనే లైసెన్సు.

కత్తులది ఐదో కేటగిరీ: అలుగు 9 అంగుళాలకు మించి పొడవు, లేదా 2 అంగుళాలకు మించి వెడల్పు. ఇంటికి, పొలానికి చేసిన కొడవలి, కత్తిపీట లెక్కలోకి రావు. వేటకొడవలి విషయంలో ఇది వాదనకు దారితీస్తుంది, ఎందుకంటే చూసేది దేనికోసం చేశారన్నది.

2019 సవరణతో ఒకరి దగ్గర రెండు తుపాకులే ఉండాలి, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోవే. లైసెన్సుదారు చనిపోతే, వారసులు 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా తుపాకీని పోలీసు స్టేషన్లో గాని, లైసెన్సున్న డీలరు దగ్గర గాని జమచేసి, ఆ తర్వాత తమ పేరిట దరఖాస్తు పెట్టుకోవాలి.