వలస కాలంలో నీటిపక్షులను లెక్కించే పద్ధతి

శీతాకాలంలో చలి ప్రాంతాల నుంచి బాతులు, బురద ఒడ్డుల్లో మేసే ఉల్లంకులు దిగివచ్చినప్పుడు ఒక్క చెరువు మీదే వేల పక్షులు కనిపించవచ్చు. అంతర్జాతీయ నీటిపక్షుల గణన 1967లో మొదలైంది. ఆసియాలో అది 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. ఆ నెలకల్లా వలస ప్రయాణాలు చాలావరకు ముగిసి పక్షులు ఒకచోట కుదురుకుంటాయి కాబట్టి, ఒకే పక్షి రెండు చోట్ల లెక్కలోకి వచ్చే అవకాశం తక్కువ. 20,000 లేదా అంతకు మించిన నీటిపక్షులకు క్రమం తప్పకుండా ఆశ్రయమిచ్చే చిత్తడి నేలను, లేదా ఒక జాతికో ఉపజాతికో చెందిన ఒక సమూహంలో ఒక శాతానికి ఆశ్రయమిచ్చే దానిని, చిత్తడి నేలల పరిరక్షణకు దేశాలు చేసుకున్న రామ్‌సర్ ఒప్పందం అంతర్జాతీయ ప్రాముఖ్యం గలదిగా పరిగణిస్తుంది. ఒడ్డున నిలబడి మనం రాసే అంకె అంత దూరం వెళ్లగలదు గనుక దాన్ని పెంచీ రాయకూడదు, తగ్గించీ రాయకూడదు.

లెక్కకు ఒకటి రెండు రోజుల ముందే స్థలం చూసి రావాలి. ఉదయపు ఎండ వీపున పడేలా నిలబడే చోట్లను నిర్ణయించుకొని, గట్టు, చెట్టు, తుంగ దుబ్బు వంటి గుర్తులతో నీటి విస్తీర్ణాన్ని ఒకదానిపై ఒకటి పడని భాగాలుగా విడదీసుకోవాలి. ఆటుపోట్లు ఉన్న తీరంలో ఉల్లంకులు పోటు వేళ ఒకచోట గుమిగూడతాయి కనుక ఆ సమయమే మేలు. ఎనిమిది లేదా పది రెట్లు పెద్దదిగా చూపే బైనాక్యులర్స్, దూరపు గుంపుల కోసం స్టాండు మీద నిలిపిన టెలిస్కోప్, రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం చాలు. ఒకరు కన్ను తిప్పకుండా చూసి చెబుతుంటే మరొకరు రాసుకోవడం అన్నిటికంటే మంచి పద్ధతి.

చేరగానే లెక్క మొదలుపెట్టకండి. ముందు నీటినంతా నిదానంగా ఒకసారి చూసి, బెదిరి ఎగిరిపోయేలా ఉన్న జాతులను మొదట లెక్కించండి. చిన్న గుంపును ఒక్కొక్కటిగానే ఎంచాలి. పెద్ద గుంపులో మొదట పది పక్షులను కచ్చితంగా లెక్కించి, అవి ఆక్రమించిన మేరను కంటిలో నిలుపుకొని, అంత మేర గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూడాలి. గుంపు మరీ పెద్దదైతే వందను కొలతగా తీసుకోవచ్చు. అయితే గుంపు నడుమ పక్షులు ఒత్తుగా, అంచుల్లో పలుచగా ఉంటాయి. అంచున తీసిన కొలతను నడుమకు వర్తింపజేస్తే అంకె బాగా తగ్గిపోతుంది. కొత్తవారు పెద్ద గుంపులను చాలాసార్లు తక్కువగానే అంచనా వేస్తారు. ఇంట్లో పళ్లెంలో గింజలు చల్లి, ముందు అంచనా రాసి, తరువాత లెక్కపెట్టి సరిచూసుకుంటే కొద్ది రోజుల్లోనే కన్ను కుదురుతుంది.

బుడబుంగల సంగతి వేరు. ఒకటి మునిగి పది పదిహేను సెకన్ల తరువాత మరోచోట తేలుతుంది, ఈలోగా పక్కది మునుగుతుంది. అందుకే వాటిని కొన్ని నిమిషాల వ్యవధిలో రెండు మూడుసార్లు లెక్కించి, ఒకేసారి నీటిపై కనిపించిన అత్యధిక సంఖ్యను రాయాలి. జాతి తేలని బాతులను ఊహించి పేరు పెట్టకుండా ‘గుర్తించని బాతులు’ అని రాయడమే నిజాయితీ. గద్ద వచ్చి గుంపు లేచిపోతే ఎన్ని, ఏ దిక్కుకు వెళ్లాయో వెంటనే రాసుకోవాలి. లేకపోతే పక్క భాగంలో అవే మళ్లీ లెక్కకు వస్తాయి. మంచి అంకె కోసం గుంపును కావాలని లేపడం మాత్రం ఎన్నడూ తగదు, ఎందుకంటే సుదూర ప్రయాణంతో అలసిన పక్షికి ప్రతి ఎగురుడూ శక్తి నష్టమే.

తేదీ, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, వాతావరణం, నీటిమట్టం, చూడగలిగిన భాగం ఎంతో ఒడ్డు విడిచి వెళ్లకముందే నమోదు చేయండి. వచ్చే ఏడాది కూడా అవే చోట్ల నుంచి, అదే వేళకు లెక్కించినప్పుడే రెండు అంకెలను పోల్చడం కుదురుతుంది. వెతికినా కనిపించని జాతికి సున్నా, పొగమంచు వల్ల చూడలేకపోయిన భాగానికి ‘లెక్కించలేదు’ అని వేర్వేరుగా రాయండి. గడిని ఖాళీగా వదిలితే పక్షులు రాలేదో, మనం చూడలేదో తరువాత ఎవరికీ తెలియదు.