మోకాళ్ల నొప్పికి వావిలాకు కాపడం

పర్లాకిమిడి, గుణుపురం వైపు చలికాలం పొద్దున్నే మోకాళ్లు బిగుసుకుపోయేవాళ్లకి వావిలాకు కాపడం మంచి ఉపశమనం. నాలుగు గుప్పెళ్ల ఆకు కడిగి, తడి పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉంటే మూటలోంచి ఆవిరి తన్ని చర్మం కాలుతుంది. మూకుడులో 2 చెంచాల ఆముదం వేసి, సన్నసెగమీద ఆకు వాడేదాకా వేయించి, నూలుగుడ్డలో మూటకట్టండి. ముందు మణికట్టుకి ఆనించి వేడి చూసుకుని, పావుగంట కాపండి.

అసలు మేలు ఆ తర్వాతే ఉంది. కీలు వదులైనప్పుడే కుర్చీలో కూర్చుని కాలు చాచి, 5 లెక్కపెట్టి దించండి, ఒక్కో కాలికి 10 సార్లు. తొడ కండ బలపడితేనే మోకాలిమీద భారం తగ్గుతుంది.

షుగరువల్ల స్పర్శ తగ్గినవాళ్లకి వేడి ఇంకొకరు చూడాలి. కీలు ఎర్రగా, వేడిగా వాచి ఉంటే కాపడం వద్దు, వాపు పెరుగుతుంది. జ్వరం కూడా ఉంటే ఆ రోజే డాక్టరుకి చూపించండి.