కొత్త సీఎన్‌సీ మిల్లింగ్ ప్రోగ్రామ్‌ను మొదటిసారి నడిపే ముందు జాగ్రత్తలు

కొత్త ప్రోగ్రామ్‌లో టూల్ జాబ్‌కో (కోసే ముక్కకో), దాన్ని బిగించే క్లాంప్‌కో గుద్దుకుందంటే, చాలాసార్లు తప్పు కోసే లైన్లలో ఉండదు. టూల్ కిందికి దిగే లైన్లోనో, పైకి లేవకుండా పక్కకి జరిగే లైన్లోనో ఉంటుంది. అందుకే ముందు జెడ్ (టూల్ పైకీ కిందికీ కదిలే అక్షం) ఉన్న లైన్లన్నీ ఒక్కొక్కటిగా చదవండి.

పాత ప్రోగ్రామ్ వదిలేసిన మోడ్‌లు మెషీన్‌లో మిగిలిపోయి ఉండవచ్చు. మొదట్లోనే జి21 (మిల్లీమీటర్లు), జి17 (ఎక్స్-వై తలం), జి90 (కొలతలన్నీ జాబ్ సున్నా నుంచి), జి40 జి49 జి80 (టూల్ వ్యాసార్ధ సవరణ, పొడవు సవరణ, రంధ్రాల సైకిల్ రద్దు) రాయండి. ప్రతి టూల్ మార్చాక కూడా రాస్తే మరీ మంచిది. మధ్యలోంచి మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు కాపాడేది అదే.

టూల్‌ను హోమ్‌కి (మెషీన్ సొంత ప్రారంభ స్థానానికి) పంపే జి28 లైన్ దగ్గర కాస్త ఆగండి. జి91 (ఉన్నచోటి నుంచి కొలిచే మోడ్) జి28 జెడ్0 అంటే ఉన్నచోటి నుంచి నేరుగా పైకి. అదే జి90లో రాస్తే టూల్ ముందు జెడ్ సున్నాకి దిగి, ఆ తర్వాతే పైకి వెళ్తుంది. కింద క్లాంప్ ఉంటే ర్యాపిడ్ (కోయకుండా కదిలే గరిష్ఠ) వేగంతో దాన్నే గుద్దుతుంది. జి28 తర్వాతి లైన్లో జి90 తిరిగి పెట్టడం మరవద్దు.

జి43 (టూల్ పొడవును లెక్కలోకి తీసుకునే కోడ్) పక్కన హెచ్ నంబరు (ఏ పొడవు ఆఫ్‌సెట్ వాడాలో చెప్పేది), టూల్ నంబరు ఒకటేనా? టూల్ పొడవు 150 మి.మీ. ఉండి, 110 మి.మీ. ఉన్న ఆఫ్‌సెట్ (మెషీన్‌లో నమోదు చేసిన పొడవు) పిలిస్తే మొన మీరనుకున్న దానికంటే 40 మి.మీ. కిందికి దిగుతుంది.

దశాంశ చుక్క విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కొన్ని కంట్రోళ్లలో ఎక్స్50 అంటే 50 మైక్రాన్లే (0.05 మి.మీ.). ఎప్పుడూ ఎక్స్50.0 అనే రాయండి.

జి00 (ర్యాపిడ్ కదలిక) చాలా మెషీన్లలో తిన్నగా పోదు. తక్కువ దూరం వెళ్లాల్సిన అక్షం ముందే ఆగిపోయి దారి వంకర తిరుగుతుంది. రంధ్రాల మధ్య క్లాంప్ ఉంటే జి99 (రంధ్రం పైన కొద్ది ఎత్తుకే లేచేది) వద్దు, జి98 (మొదలైన ఎత్తుదాకా లేచేది) వాడండి. మొదటి ఎత్తు క్లాంప్ కంటే పైన ఉండాలి. తెరమీది గ్రాఫిక్‌ను నమ్మి వదిలేయకండి, మీరు గీసి చూపకపోతే దానికి క్లాంప్ ఉందనే తెలియదు.

అవతలి వైపుకి దూసుకెళ్లే రంధ్రమైతే డ్రిల్ మొన లెక్కలోకి రావాలి. 118 డిగ్రీల 10 మి.మీ. డ్రిల్‌కి మొన పొడవు 3 మి.మీ. 20 మి.మీ. ప్లేటుకి జెడ్ మైనస్ 24 ఇస్తే 4 మి.మీ. కిందికి పొడుచుకొస్తుంది. అక్కడ ప్యారలల్ (జాబ్ కింద పెట్టే ఉక్కు పట్టీ) గానీ, వైస్ అడుగు గానీ ఉందేమో వంగి చూడండి.

ఇక నడిపేటప్పుడు తలుపు మూసి, సింగిల్ బ్లాక్ (ఒక్కో లైను తర్వాత ఆగే మోడ్) వేసి, ర్యాపిడ్‌ను అన్నిటికంటే తక్కువకి తగ్గించండి. వేలు ఫీడ్ హోల్డ్ (కదలిక ఆపే బటన్) మీదే ఉండాలి. జి43 లైన్లో జెడ్50.0 దగ్గర టూల్ ఆగాక, స్పిండిల్ ఆపి, మొనకీ జాబ్‌కీ మధ్య స్కేలు పెట్టండి. తెర మీద 50 ఉండి స్కేలు 10 చూపిస్తే ఆఫ్‌సెట్ తప్పు, అక్కడితో ఆపేయండి. జాబ్ బిగించి ఉండగా డ్రై రన్ స్విచ్ వేయకండి. అది ప్రోగ్రామ్‌లోని ఫీడ్‌ను (కోసేటప్పుడు టూల్ ముందుకు కదిలే వేగాన్ని) పక్కనపెట్టి, తన వేగంతో నడుపుతుంది. గాలిలో నడిపి చూడాలంటే వర్క్ ఆఫ్‌సెట్ (జాబ్ సున్నా స్థానం) జెడ్‌ని 50 మి.మీ. పైకి జరపండి. కోత మొదలుపెట్టే ముందు ఆ 50ని తిరిగి తీసేశారో లేదో తెర మీద చూసుకోండి.