ఎంఎస్ ఉన్నవారికి వైకల్య ధ్రువపత్రం: ఎంఆర్ఐ ఒక్కటే పట్టుకెళ్తే చాలదు

"నడుస్తున్నావు కదమ్మా, నీకెందుకు?"

సదరం క్యాంపులో, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ వైద్య శిబిరంలో, మా అక్కను అడిగిన మాట ఇది. ఆమెకు మల్టిపుల్ స్క్లిరోసిస్, మెదడునూ వెన్నుపామునూ దెబ్బతీసే నరాల జబ్బు. అందరూ ఎంఎస్ అనేస్తారు. జబ్బు బయటపడిన నాలుగేళ్లకు ధైర్యం చేసి తీసుకెళ్తే రెండు నిమిషాల్లో తిప్పి పంపారు. చేతిలో దిండంత ఫైలు ఉంది, కావాల్సిన ఒక్క కాగితం మాత్రం అందులో లేదు. రెండోసారి ఆ కాగితంతో వెళ్లాం. ఈ రెండు ప్రయాణాల మధ్య నేర్చుకున్నదీ, వరండాలో కూర్చున్న మరికొందరి నుంచి విన్నదీ కలిపి రాస్తున్నాను.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఎంఎస్ పేరుతో సహా ఉంది. కాబట్టి కౌంటర్ దగ్గర ఎవరైనా "ఈ జబ్బుకి సర్టిఫికెట్ రాదు" అంటే ఇంటికి వచ్చేయకండి. అలాగని జాబితాలో పేరున్నంత మాత్రాన వైకల్య శాతం రాదు. పింఛను సహా చాలా పథకాలకు కనీసం 40 శాతం ఉండాలి.

దరఖాస్తు పెద్ద కష్టమేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలోనో మీసేవలోనో సదరం స్లాట్ తీసుకోవాలి. తెలంగాణలో 2025 నుంచి పాత సదరం బదులు కేంద్రం వారి యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్ నడుస్తోంది. అందులో మీసేవ ద్వారా గానీ సొంతంగా గానీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆధార్, ఫోటో, చిరునామా, వైద్య పత్రాలు, అంతే. ఫోన్ నంబరు దగ్గర మాత్రం జాగ్రత్త. మీదో, మీ ఇంట్లోవాళ్లదో ఇవ్వండి. మాతోపాటు వచ్చిన ఒకాయన దరఖాస్తులో మధ్యవర్తి తన నంబరే పెట్టేశాడు. స్లాట్ మెసేజ్ వాడి ఫోన్‌కు వచ్చింది, తేదీ చెప్పడానికి విడిగా డబ్బు అడిగాడు.

అసలు చిక్కు క్యాంపు గదిలో మొదలవుతుంది. వైకల్యాన్ని లెక్కగట్టడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక మాట ఉంది: నరాల సమస్యల్లో అంచనా వేయాల్సింది జబ్బును కాదు, దాని ప్రభావాన్ని. మనం మాత్రం జబ్బును రుజువు చేసే కాగితాలే మోసుకెళ్తాం. ఎంఆర్ఐలో మెదడు మీద తెల్లమచ్చలు కనిపిస్తాయి గానీ, ఆ మచ్చల వల్ల మీ ఎడమ కాలు ఎంత బలం కోల్పోయిందో ఫిల్ములో ఉండదు. పైగా క్యాంపులో న్యూరాలజిస్టు ఉండకపోవచ్చు. ఎముకల డాక్టరుగారు ఫిల్ము పక్కన పెట్టి "నాలుగడుగులు నడువమ్మా" అంటారు. పొద్దున్నే, రెండు రోజులు విశ్రాంతి తీసుకుని వచ్చిన మనిషి నాలుగడుగులు బాగానే వేస్తుంది. నాలుగు వందల అడుగుల తర్వాత ఏమవుతుందో ఆ గదిలో కనబడదు.

అది చెప్పాల్సింది న్యూరాలజిస్టు రాసిచ్చే ఉత్తరం. డిశ్చార్జి సమ్మరీయో మందుల చీటీయో దాని పని చేయదు. లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్ర, ఈ మధ్య తేదీ ఉండాలి. జబ్బు ఎప్పుడు బయటపడింది, వచ్చిపోయే రకమా, క్రమంగా ముదిరే రకమా, ఎన్నిసార్లు రిలాప్స్ అయింది (జబ్బు తిరగబెట్టింది) అన్నవి మొదట రాయించండి. వాటికన్నా ముఖ్యం, రిలాప్స్ తగ్గాక కూడా ఏం మిగిలిపోయింది అన్నది. ఏ కాలిలో, ఏ చేతిలో బలం ఐదుకి ఎంత, బిగుసుకుపోవడం ఉందా, ఆగకుండా ఎన్ని మీటర్లు నడవగలరు, మూత్రం మీద పట్టు ఉందా, చూపు ఎంత, జ్ఞాపకం ఎలా ఉంది... ఇవన్నీ విడివిడిగా ఉండాలి. ఎంఎస్ తీవ్రతను 0 నుంచి 10 దాకా కొలిచే ఈడీఎస్ఎస్ స్కోరు కూడా వేయమని అడగండి. శాతం తేల్చే మెడికల్ బోర్డు దాన్ని నేరుగా శాతంగా మార్చదు కానీ, డాక్టరుగారు ఆగి చదవడానికి అది పనికొస్తుంది.

ఈ ఉత్తరం ప్రభుత్వ ఆస్పత్రి నుంచి తెచ్చుకోగలిగితే మంచిది. నిమ్స్, గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్‌లలో న్యూరాలజీ విభాగాలున్నాయి. మీ క్యాంపులో న్యూరాలజిస్టు లేకపోతే, ఉన్నచోటికి రిఫర్ చేయమని మర్యాదగా అడగండి, తప్పేం లేదు.

తేదీ విషయం కూడా చూసుకోవాలి. మార్గదర్శకాల ప్రకారం నరాల జబ్బుల్లో అంచనా మామూలుగా జబ్బు మొదలైన ఆరు నెలల తర్వాతే వేస్తారు. కాళ్లు కదలని రిలాప్స్‌లో వెళ్తే ఎక్కువ శాతం పడుతుందని కొందరు సలహా ఇస్తారు, వినకండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు నడుస్తున్నప్పటి స్థితి తాత్కాలికమని బోర్డుకు తెలుసు, తర్వాత రమ్మని పంపేస్తారు.

ఇక మన నోరు. మొదటిసారి డాక్టరుగారు "ఎలా ఉందమ్మా?" అన్నారు. మా అక్క చీర కొంగు సర్దుకుని, నవ్వుతూ, "పర్వాలేదండి" అంది! నాలుగేళ్లుగా చుట్టాలకు చెప్పి చెప్పి అలవాటైపోయిన జవాబు. ఆయన అదే రాసుకున్నారు. రెండోసారి వెళ్లేటప్పుడు ఇంట్లోనే అనుకుని వెళ్లాం. స్నానానికి స్టూలు కావాలి, మెట్లు ఎక్కాలంటే చెయ్యి పట్టుకోవాలి, రాత్రి మూడుసార్లు బాత్రూముకి, ఎండలో తిరిగితే చూపు మసకబారుతుంది. లేనిది ఒక్కటీ చెప్పలేదు, ఉన్నది దాచలేదు. ఆమె ఎడమకాలి చెప్పు ముందువైపు అరిగి కాగితంలా అయింది, కాలు ఈడుస్తుంది కాబట్టి. నడుస్తుంటే ఆ చెప్పు జారిపోయినా ఆమెకు తెలియదు. ఈసారి గదిలోనే జారింది. డాక్టరుగారు వెనక్కి చూసి, మళ్లీ కూర్చోబెట్టి, రెండు కాళ్ల బలం విడివిడిగా పరీక్షించారు.

కాలికి కొంత, చూపుకి కొంత వస్తే రెండూ మామూలుగా కూడరు, దానికి వేరే సూత్రం ఉంది. మొత్తం మీరనుకున్నదానికన్నా తక్కువ కనిపిస్తే మోసం జరిగిందని కంగారు పడక్కర్లేదు.

సర్టిఫికెట్ చేతికి రాగానే రెండు చోట్ల చూడండి. ఒకటి, శాశ్వతమా, తాత్కాలికమా. వచ్చిపోయే రకం ఎంఎస్‌కు గడువు తేదీతో ఇవ్వడం మామూలే. రెండోది వైకల్యం రకం, దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ చెప్పే అదే 2016 చట్టంలోని 34వ సెక్షన్‌లో ఎంఎస్ పేరు లేదు, చలన వైకల్యం (కదలికలో లోపం) ఉంది. కాళ్లూ చేతుల్లో బలహీనత నిజంగా ఉంటే దాన్ని చలన వైకల్యంగా కూడా నమోదు చేయమని బోర్డు దగ్గరే అడగండి. తర్వాత మార్పించడం పెద్ద తలనొప్పి.

సర్టిఫికెట్ వస్తే పింఛను దానంతటదే రాదు, విడిగా దరఖాస్తు పెట్టాలి, ఆదాయం వగైరా నిబంధనలుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయలు. ఉద్యోగం చేస్తూ పాత పన్ను విధానంలో ఉన్నవారికి 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 1,25,000, పన్ను లెక్కించే ఆదాయంలోంచి మినహాయింపు ఉంటుంది. చలన వైకల్యంగా కూడా నమోదై ఉంటే అక్కడా అక్కరకొస్తుంది.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, అది మీ హక్కు. అడిగి తీసుకోండి, అప్పీలుకు అదే ఆధారం. 40 లోపు వచ్చినా, తర్వాత పరిస్థితి మారితే మళ్లీ వెళ్లవచ్చు. "ఇంత ఇస్తే ఇంత శాతం వేయిస్తా" అనేవాడు ప్రతి క్యాంపు బయటా టీ కొట్టు దగ్గరే ఉంటాడు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుదారులను మళ్లీ పరీక్షించినప్పుడు నోటీసులు వచ్చింది సర్టిఫికెట్ మీద పేరున్నవాళ్లకు, అతనికి కాదు.

మా అక్క సర్టిఫికెట్ గడువు వచ్చే మార్చితో అయిపోతుంది. స్లాట్లు విడతలుగా తెరుస్తారు, తెరిచిన కాసేపటికే నిండిపోతాయి. అందుకే డిసెంబరు ఒకటో తేదీ చుట్టూ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి పెట్టాను. న్యూరాలజిస్టు కొత్త ఉత్తరానికి నవంబరులోనే వెళ్తున్నాం.